మా ఆరోగ్యకేంద్రమున నేమి యుంచవలెను?

అలసిన స్త్రీకి విశ్రాంతి యవసరమని యొప్పుకొననివారు లేరు. కాని యా విశ్రాంతి యెక్కడ, ఎప్పుడు, ఎవరి యనుమతితో దొరకునో చెప్పగలవారును లేరు. ఇంట గూర్చున్నచో పని కనబడును. పుట్టింటికి బోయినచో ప్రశ్నలు వినబడును. ఆసుపత్రికి బోవలెనన్న వ్యాధి యుండవలెను. వ్యాధికిని ఆరోగ్యమునకును నడుమ ఒడలినొప్పులతో, నిద్రలేమితో, కారణము తెలియని నీరసముతో దినములు వెళ్ళబుచ్చు స్త్రీల కొరకు ఒక చోటు కావలెనని తలచి, మేము నలుగురు స్త్రీలము గోదావరీతీరమున నొక పట్టణములో సమగ్రారోగ్యకేంద్రమును స్థాపింప బూనితిమి. నేటివారు దీనినే వెల్‌నెస్ సెంటరని పిలుచుచున్నారు. మాలో నొకరు నర్సుగా పనిచేసి విరమించినవారు. ఒకరు యోగాసనములు నేర్పువారు. తక్కిన ఇద్దరము గృహిణులము. అందేమి యుంచవలెను, ఏమి యుంచరాదు, గదుల నెట్లు తీర్చవలెను అను విషయమై మేము చేసిన యాలోచనలు సోదరీమణులకు నుపయోగపడునేమో యని యిచట వ్రాయుచున్నాము.

ఇట్టి ప్రయత్నము మన దేశమునకు క్రొత్తది కాదు. 1946లో మహాత్మాగాంధి పుణె సమీపమున ఉరుళీకాంచనములో ప్రకృతి చికిత్సాశ్రమమును నెలకొల్పెను. నీరు, మట్టి, ఎండ, గాలి, మితాహారము – ఇవియే యచటి సాధనములు. పల్లెవాసులకు సైతము అందుబాటులో నుండవలెనన్నది దాని యుద్దేశము. నేడు పేర్లు మారినవి, వెలలు పెరిగినవి; అలసిన దేహము మాత్రము మారలేదు.

మండువా గల పాత పెంకుటిల్లొకటి మాకు అద్దెకు దొరకినది. ఆ వార్త తెలిసిన మరునాడే పరికరములు విక్రయించు వర్తకుడొకడు బొమ్మల పుస్తకముతో వచ్చెను. ముఖమునకు మెరుగు తెచ్చు దీపములు, ఉప్పు ఇటుకల గది, దేహములోని విషములను పాదముల ద్వారా వెడలించునను నీటితొట్టి మొదలగునవి యందు పెక్కు గలవు. “అమ్మా, ఈ తొట్టి యొక్కటి కొన్నచో మీ యద్దె దానంతట అదే వచ్చును” అని యతడు పలికెను. తొట్టిలో ఉప్పునీరు పోసి, పాదములుంచి, విద్యుత్తును ప్రసరింపజేయగా కొంతసేపటికి నీరు గోధుమవర్ణము దాల్చును. చూచినవారు తమ యొడలి మాలిన్యమే యట్లు దిగినదని నమ్ముదురు. పాదములుంచకయే యొకసారి నడిపి చూపుమని మేము కోరితిమి. నీరు అట్లే రంగు మారినది! ఉప్పునీటిలో లోహపు పలకలు విద్యుత్తుచే త్రుప్పుపట్టుటయే దానికి కారణము. దేహమాలిన్యమును వడగట్టు పనిని కాలేయమును, మూత్రపిండములును రాత్రింబవళ్ళు చేయుచునే యున్నవి. తొట్టి వాని కేమియు తోడ్పడదు.

అయినను మాలో నొకరికి సందేహము తీరలేదు. “హాని లేనిదే కదా! వచ్చినవారు సంతోషించినచో మనకేమి? నెల తిరుగగానే అద్దె యెట్లు చెల్లింతుము?” అని యామె యడిగెను. తన బంగారు గాజులు కుదువబెట్టి యీ కేంద్రమునకు సొమ్ము తెచ్చినది యామెయే. కావున ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయ వీలులేకపోయెను. రెండు దినములు చర్చించి, తుదకు మూడు ప్రశ్నలు వ్రాసికొంటిమి. ఈ సేవ దేహమునకు నిజముగా హాయి నిచ్చునా? ఎవరికైన కీడు చేయునా? దీని పేరిట మేము చేయు వాగ్దానమును మా తోబుట్టువునెదుట గూడ చేయగలమా? తొట్టి మూడవ ప్రశ్నకడ నిలువలేకపోయినది. ఏడు దినములు పండ్లరసములతోనే గడుపవలెనను ఉపవాసవ్రతము రెండవ ప్రశ్నకడనే ఓడినది. మధుమేహమునకు మందులు వాడువారికి అది ప్రమాదకరము.

నిలిచిన సేవలు కొన్నియే. మొదటిది నువ్వులనూనెతో అభ్యంగనము, పిదప సున్నిపిండితో నలుగు. మన యమ్మమ్మలకు తెలిసినదే. అయితే ఒక్క కాలు మాత్రమే వాచి నొప్పిగా నున్నవారికి మర్దనము చేయరాదు. లోపల రక్తము గడ్డకట్టి యుండవచ్చును. అట్టివారిని వెంటనే వైద్యుని యొద్దకు పంపవలెను. రెండవది ఆవిరిస్నానము. రక్తపుపోటు చూచిన పిమ్మట, పది నిమిషములకు మించకుండ. గర్భవతులకును హృద్రోగులకును ఇది లేదు. మూడవది యోగాసనములు, నడక. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మాదిరి శ్రమ గల వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇంటిపనితో నడుము విరుగుచున్నను, ఊపిరి నిండ పీల్చి చేయు వ్యాయామము మనలో ననేకులకు లేదు.

నాలుగవ సేవ రక్తపరీక్ష. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు దేశమున నూటికి 57 మంది; ఆంధ్రప్రదేశములో దాదాపు 59, తెలంగాణములో దాదాపు 58. గర్భవతి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గినచో రక్తహీనతగా నెంచుదురు. ఆ నీరసము నే తైలమును పోగొట్టజాలదు. కావున మొదట పరీక్ష, తరువాతనే మర్దనము. భోజనము కాగానే కాఫీ, టీలు త్రాగినచో ఆహారములోని ఇనుము సరిగా నొంటబట్టదనియు, నిమ్మరసము పిండుకొన్నచో మేలనియు గోడమీద పెద్దక్షరములతో వ్రాయించితిమి.

ఐదవది నిద్రగది. మధ్యాహ్నమున గంటసేపు ఎవరును పిలువని చోట పరుండుట. “నిద్రకు డబ్బిత్తురా?” అని మా యిండ్లలోని పురుషులు నవ్విరి. వారి నిద్రను చెడగొట్టువారెవరును లేరు గదా!

ఇక నలంకారము. ఇట్టి కేంద్రములలో సాధారణముగా సన్నని పరదేశ సుందరుల చిత్తరువులు వ్రేలాడుచుండును. వానిని చూచిన తల్లికి తన పొట్టయే గుర్తుకు వచ్చును గాని హాయి కలుగదు. మేము వానికి మారుగా మచిలీపట్టణపు కలంకారీ వస్త్రములను గోడలకు దిగవిడిచితిమి. నిలువుటద్దము వస్త్రములు మార్చుకొను గదిలో నొక్కటియే. తూకపు యంత్రము తెరచాటున నున్నది. అందలి సంఖ్య ఆమెకు దప్ప నన్యులకు వినబడరాదు. గోడలకు ఇసుకవన్నె సున్నము, దీపములకు పసుపువన్నె మందకాంతి. తెరలకు మంగళగిరి నూలు. వేడినీట నుతుకుటకు తట్టుకొనును. స్నానపుగదిలో నునుపుజేయని కడప నాపరాళ్ళు పరిపించి, గోడకు ఊతకమ్ములు బిగించితిమి. కుర్చీలకు చేతులుండవలెను, ఎత్తు కొంచెమధికముగ నుండవలెను. మోకాళ్ళనొప్పి గలవారు లేచునపు డితరులను బ్రతిమాలుకొనరాదు. సాంబ్రాణిపొగ వేయుట లేదు, ఉబ్బసము గలవారికది పడదు. ఇత్తడి పళ్ళెములో మల్లెలు, మరువము నుంచుచున్నాము. పిల్లలమూల ఏటికొప్పాక లక్కబొమ్మలున్నవి. సెల్‌ఫోనులకు వాకిటనే యొక వెదురుబుట్ట గలదు.

గోడలకు సున్నము వేయుచుండగనే యొక పెద్దామె లోనికి వచ్చి, “అమ్మాయీ, ఇక్కడికి వస్తే నా షుగరు మాత్రలు మానేయవచ్చునా?” అని యడిగినది. “మానకూడదు మామ్మగారూ! ఇక్కడ నడక, ఆసనములు, మితాహారము నేర్పుదుము. మాత్ర తగ్గించుట మీ డాక్టరుగారి పని” అంటిమి. ఆమె ఉస్సురని వెడలినది. మధుమేహము, కాన్సరు వంటి వ్యాధులను నయము చేయునని మందులను గూర్చి ప్రకటించుటను 1954 నాటి చట్టమొకటి నిషేధించినది. చట్టము లేకున్నను, ఆమె కన్నులలోని ఆశను చూచి అబద్ధమాడుట మాకు శక్యము కాదు. ఆ దినము మేమొక ఖాతాదారును పోగొట్టుకొన్నమాట నిజము.

గాజు లింకను కుదువలోనే యున్నవి. ఆసనముల తరగతికి నెలచందాలును, అభ్యంగనపు రుసుమును కలిపి యద్దెకు సరిపోవుచున్నవి. వడ్డీకి కొంచెము కొఱత. వానిని విడిపించుటకు కాలము పట్టును. అయినను గాజుల యజమానురాలే యిప్పుడు తొట్టి యేదని యడుగువారికి, అది యెందుకు లేదో ఓపికతో చెప్పుచున్నది.

సోదరీమణులారా! ఇట్టి చోటికి మీరు పోవ దలచినపుడు గోడల సొంపును చూచి మురియుడు, తప్పులేదు. కాని రుసుము చెల్లించుటకు ముందు, “ఇది యెవరికి పనికిరాదు?” అని యడుగుడు. సమాధానము చెప్పగలవారి చేతికి మీ దేహము నప్పగింపవచ్చును. అందరికిని, అన్నిటికిని మంచిదే యనువారి గుమ్మము దిగి, నిశ్చింతగా నింటికి రండు.