గాజుపెట్టెలో లవణ సముద్రం

తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవారికి చేపలతో ఏమి పని అని స్టాఫ్ రూములో మిత్రులు మమ్ములను ఈనాటికీ వేళాకోళం చేస్తూనే ఉన్నారు. ఆ పని కల్పించినది ఒక విద్యార్థి. క్షీరసాగర మథన ఘట్టం బోధిస్తూ, సాగరము, అర్ణవము, పారావారము, రత్నాకరము అని మేము పర్యాయపదాలు వల్లిస్తుండగా, వెనుక బెంచీలోని ఆ పిల్లవాడు లేచి, “సార్, మీరు సముద్రం చూశారా?” అని అడిగాడు. చూశాము. ఒకే ఒక్కసారి. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో విశాఖపట్నం విహారయాత్రకు వెళ్ళినప్పుడు రామకృష్ణా బీచిలో ఒక పూట నిలబడ్డాము. అక్కడనే ఉన్న మత్స్యదర్శినిలో, గాజు వెనుక తిరుగాడే సముద్రపు చేపలను కూడ చూశాము. తరగతిలో సముద్రం చూసినవారిని చేతులెత్తమంటే లేచిన చేతులు నాలుగే.

ఆ సాయంకాలం ఇంటిలో ఈ ముచ్చట చెప్పాము. మా అబ్బాజాన్ పత్రిక మడిచి ప్రక్కన పెట్టి, “నేను మాత్రం చూశానా?” అన్నారు. గోదావరిఖనిలో బదిలీ ఫిల్లరుగా చేరి, పరీక్ష వ్రాసి మైనింగు సర్దారు అయి, జీవితంలో సగం భూమి క్రింద గడిపిన మనిషి. ఉద్యోగ విరమణ తరువాత చూద్దామనుకున్న సముద్రాన్ని ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు చూడనివ్వడం లేదు. రామగుండం స్టేషను మెట్లు ఎక్కి దిగడమే ఆయనకు గండం. మా ఊరి ప్రక్కగా పారే గోదావరి ఏనాటికైనా సముద్రంలోనే కలుస్తుంది గదా, ఆ సముద్రంలో పిడికెడు వెనుకకు తెచ్చుకుంటే తప్పేమని మాకు తోచింది. తోచినది సులభంగానే తోచింది.

గత డిసెంబరులో హైదరాబాదు వెళ్ళి రెండు అడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగుంబావు ఎత్తు గల గాజుతొట్టి కొన్నాము. ఎనభై లీటర్ల నీరు పట్టేది. దానితో పాటు సముద్ర లవణ మిశ్రమం నాలుగు కిలోలు, నీటిని కదిలించే చిన్న పంపు, సాంద్రత చూచే హైడ్రోమీటరు. పొట్లం విప్పగానే మా అమ్మీ, “నమక్ నై క్యా ఘర్ మే?” అని నిలదీసింది. ఇంటిలో ఉప్పు ఉండగా ఉప్పు కొని తెచ్చిన కుమారుణ్ణి ఏ తల్లి మెచ్చుకుంటుంది? ఆమెకు చెప్పిన సంగతే ఇక్కడ చెబుతాము. వంటింటి ఉప్పు దాదాపుగా సోడియం క్లోరైడు ఒక్కటే. సముద్రపు లవణంలో క్లోరైడు నూటికి 55 వంతులు, సోడియం 30 వంతులు పోగా, తక్కిన భాగంలో సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వంటివెన్నో ఉన్నవి. చేపకు అవన్నీ కావాలి. లీటరు సముద్రజలంలో లవణాలు సుమారు 35 గ్రాములు. ఆ లెక్కన మా తొట్టికి మూడు కిలోల వరకు పట్టింది. సముద్రానికి దూరంగా ఉండి సముద్రజలం కలుపుకొనే ఈ పిచ్చి మాతో ఆరంభం కాలేదు. 1854లో ‘ది అక్వేరియం’ అనే గ్రంథం వెలువరించిన ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఫిలిప్ హెన్రీ గాస్ ఆ రోజులలోనే లవణాలు తూచి కలిపి కృత్రిమ సముద్రజలం చేసి చూశాడు.

నల్లా నీటిలో క్లోరిను ఉంటుందని, ఇరవై లీటర్ల ఆర్.వో. నీళ్ళ డబ్బాలు నాలుగు తెప్పించాము. గోదావరి ఇసుక చేతికి అందేంత దూరంలో ఉన్నా వాడలేదు, సముద్రపు తొట్టికి సున్నపు జాతి ఇసుక మేలు. పగడపు రాళ్ళు పెడితే అందం వస్తుందని ఎవరో సలహా ఇచ్చారు. రాతి పగడాలు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోనివి, పులికి ఎంత రక్షణయో వాటికీ అంత. కావున పింగాణీ రాళ్ళతో సరిపెట్టుకున్నాము. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగినప్పుడు మా కిటికీ అద్దాలు గలగలమంటాయి గనుక తొట్టి క్రింద థర్మోకోల్ పలక పరిచాము. బొగ్గుధూళి నీటిపై తెట్టుగా కడితే గాలి సోకదని పైన గాజుమూత పెట్టాము. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నామే, అసలు జాగ్రత్త తీసుకోలేదు.

దుకాణదారుడు, “ఈరోజే వేసుకోవచ్చు సార్” అన్నాడు. అతడి మాట కంటె మా ఆత్రుతే ఎక్కువ. నారింజ రంగు మీద తెల్లని పట్టీలు గల క్లౌను చేపలు రెండు ఆ సంచిలోనే మాతో పాటు రైలు ఎక్కి వచ్చినవి. అబ్బాజాన్ కుర్చీ తొట్టి ఎదుటికి జరిగింది. మూడు రోజులు ఆయన వార్తలు వినలేదు, చేపలనే చూశారు. రెండవనాటి సాయంకాలం చూపుడువేలు నీటిలో ముంచి నాలుకకు రాసుకొని, “ఇంత ఉప్పా!” అని చిన్నపిల్లవానివలె నవ్వారు. నాలుగవనాడు తెల్లవారేసరికి ఒక చేప పక్కకు ఒరిగి ఉన్నది. రెండవది నీటి ఉపరితలానికి నోరు ఆనించి, మొప్పలు టపటప కొట్టుకుంటూ రాత్రి వరకు ఉండి పోయింది. నీరు అద్దంవలె తేటగా ఉన్నది. మాకు ఏమీ అర్థం కాలేదు.

అబ్బాజాన్ చాలసేపు మాట్లాడలేదు. చివరకు, “గ్యాస్ దేఖే క్యా బేటా?” అన్నారు.

బొగ్గు బాయి ఎరుగని పాఠకులకు ఈ మాట కొంత విప్పి చెప్పాలి. షిఫ్టు దిగకముందు సర్దారు తన పరిధిలోని చోటులన్నీ తిరిగి చూడాలి. అబ్బాజాన్ కాలంలో చేతిలో సేఫ్టీ ల్యాంపు ఉండేది. వత్తి తగ్గించి చూస్తే, మీథేను ఉన్నచోట మంట నెత్తిన లేత నీలిరంగు టోపీ కనిపిస్తుంది. ప్రాణవాయువు తగ్గినచోట దీపం మసకబారి ఆరిపోతుంది. ఆ గాలి కంటికి కనబడదు. మీథేనుకు వాసన కూడ లేదు. చూసినది చూసినట్లు పుస్తకంలో వ్రాసి సంతకం పెట్టిన తరువాతనే మనుషులను లోపలికి పంపాలి. అన్నేళ్ళు ఆ సంతకం పెట్టిన మనిషి, తన ఎదుటనే చూడకుండా రెండు ప్రాణాలను దింపారని మమ్ములను అడుగుతున్నారు. మేము తల వంచుకున్నాము.

గ్యాసు ఉన్నది. దాని పేరు అమ్మోనియా. చేప మొప్పల నుండి, దాని విసర్జన నుండి, తినక మిగిలిన మేత నుండి పుట్టి నీటిలో కరిగిపోతుంది. నీరు తేటగానే ఉంటుంది, చేప మొప్పలు మాత్రం కాలిపోతాయి. సముద్రజలం క్షారగుణం గలది కావడం వలన మంచినీటి తొట్టిలో కంటె ఇక్కడ అమ్మోనియా విషం అధికం. దీనిని హరించేవి కంటికి కనబడని బాక్టీరియాలు. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. మరొక జాతి ఆ నైట్రైటును, ఎక్కువ కీడు చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఈ రెండంచెల వ్యవహారాన్ని 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ నిరూపించాడు. క్రొత్త తొట్టిలో ఆ జీవులు ఉండవు. రాళ్ళమీద, ఇసుకలో అవి సంసారం పెట్టుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. ఆ గడువు మేము ఇవ్వలేదు.

మరల మొదలుపెట్టాము. ఈసారి పరీక్ష సామగ్రి కూడ తెప్పించాము. గాజుగొట్టంలో తొట్టినీరు పోసి చుక్కలు వేస్తే, అమ్మోనియా లేనప్పుడు పసుపు, ఉన్నకొద్దీ పచ్చ. చేపలు లేని తొట్టిలో చిటికెడు మేత వేసి కుళ్ళనిచ్చాము. ఇంటిలో వాసనకు అమ్మీ ఊరుకోలేదు, అది వేరే కథ. అబ్బాజాన్ పాత నోటుబుక్కు ఒకటి తీసి గీతలు కొట్టి, ప్రతిదినం ఫజర్ నమాజు తరువాత పరీక్ష చేసి ఉర్దూలో వ్రాయసాగారు. తేదీ, వేడిమి, సాంద్రత, గ్యాసు, క్రింద సంతకం. జనవరి అంతా ఆ పుస్తకంలో ‘గ్యాస్ హై’ అనే మాటే. పచ్చరంగు చిక్కబడింది, పలచబడింది, నైట్రైటు పెరిగింది, అదీ తగ్గింది. ఒకనాడు రంగు పసుపుకు తిరగగానే మేము హైదరాబాదుకు బయలుదేరబోతే, “ఒక్కనాటి పసుపుకు సంతకం పెట్టను” అని ఆపివేశారు. వరుసగా ఏడు దినాలు పసుపు వచ్చిన తరువాతనే అనుమతి దొరికింది.

ఈసారి తొట్టెలలో పుట్టి పెరిగిన చేపలనే అడిగి తీసుకున్నాము. క్లౌను చేపలను గుడ్డు నుండి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు సాధించారు గనుక, వాటికోసం సముద్రాన్ని దోచవలసిన పని లేదు. సంచిని తొట్టినీటిపై ఇరవై నిమిషాలు తేలనిచ్చి, కొంచెం కొంచెంగా తొట్టినీరు కలుపుతూ, గంటసేపటికి వదిలాము. ఆనాటి పేజీలో అబ్బాజాన్ వ్రాసినది: “గ్యాస్ నహీఁ. ఉతర్ సక్తే హైఁ.”

వేసవి మాత్రం మా ప్రాణం తోడివేసింది. రామగుండం ఎండలు పాఠకులకు మేము వర్ణించనక్కరలేదు. నీరు 26 డిగ్రీల వద్ద ఉండవలసిన చోట 32 దాటింది. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు నిలవదు. మూత తీసి, దోమతెర గుడ్డ కప్పి, నీటి మీదికి ఫ్యాను త్రిప్పాము. కుండలో నీరు చల్లబడే సూత్రమే. నాలుగు డిగ్రీలు దిగింది గాని, రోజుకు లీటరుకు పైగా నీరు ఆవిరి కాసాగింది. తగ్గిన నీటికి బదులు ఉప్పునీరే పోయబోయాము. అమ్మీ చేయి పట్టుకొని, “పులుసు మరిగి ఉప్పెక్కితే ఇంకా ఉప్పు వేస్తారా, నీళ్ళు పోస్తారా?” అన్నది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అడుగునే ఉంటుంది. హైడ్రోమీటరు 1.024 నుండి 1.026కు అప్పటికే ఎక్కి ఉన్నది. నాటినుండి ప్రతి ఉదయం ఆర్.వో. మంచినీరు పోసి గీతకు తెచ్చే పని ఆమెదే.

ఈ చేపలలో వింత ఒకటి ఉన్నది. అన్నీ మొదట మగవిగానే ఉంటాయి, జంటలో పెద్దది ఆడదవుతుంది. మా వాటిలో ఒకటి ఇప్పుడు స్పష్టంగా పెద్దది, రెండవదాన్ని మూలకు తరుముతుంటుంది. జంతుశాస్త్రం విద్యార్థులు పదిమంది ఒక ఆదివారం వచ్చి చూసి వెళ్ళారు. తరగతిలో ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడూ వచ్చాడు. అబ్బాజాన్ అతనిచేత కూడ వేలు ముంచించి రుచి చూపించారు.

పదిహేను రోజులకొకసారి పది లీటర్లు తీసి క్రొత్త ఉప్పునీరు పోస్తున్నాము. మూడవ చేప తేవాలని మా కోరిక. నోటుబుక్కు చూపించి అబ్బాజాన్ ఇంకా ఒప్పుకోలేదు, నైట్రేటు తగ్గాలట.