కమండలువు చాలని చేప

శ్రీమద్భాగవతంలో నదీతీరాన అనుష్ఠానంలో ఉన్న ఇద్దరు రాజర్షులకు రెండు పసిప్రాణులు లభించాయి. ద్రవిడాధిపతి సత్యవ్రతుడు కృతమాలానదిలో తర్పణం విడుస్తుండగా ఆయన దోసిటిలోకి ఒక చిన్న చేప వచ్చింది. భరతుడు గండకీతీరాన ప్రణవజపంలో ఉండగా, సింహగర్జనకు బెదిరి దూకిన లేడి గర్భం జారి, పిల్ల ప్రవాహంలో పడింది. ఇద్దరూ దయతోనే చేయి చాచారు. మొదటివాడు వైవస్వత మనువయ్యాడు; రెండవవాడు అంత్యకాలంలో లేడినే తలచి లేడిగా జన్మించాడు. తెలుగు భాగవతంలో మత్స్యకథ ఉన్న అష్టమస్కంధం పోతనది, భరతకథ ఉన్న పంచమస్కంధం గంగనది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివేవారు అరుదు కావడానికి అదీ ఒక కారణమేమో.

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక గృహిణికి ఈ రెండు కథలూ పెరటి సిమెంటు తొట్టి దగ్గర కలిశాయి.

ఒక మాఘమాసపు ఉదయాన తొట్టిలోని గోల్డ్‌ఫిష్‌లు ఒకదానినొకటి తరుముకున్నాయి. మధ్యాహ్నానికి గుర్రపుడెక్క వేళ్ళనిండా ఆవగింజకంటె చిన్నవైన పారదర్శకమైన గుడ్లు అంటుకొని ఉన్నాయి. పెట్టిన చేపలే వాటిని ఏరుకొని తింటున్నాయి. నదిలో విడువబోయిన సత్యవ్రతుని ఆ చిన్న చేప వేడుకొన్నది ఈ భయంతోనే: స్వజాతినే భక్షించే జలచరాల మధ్యకు తనను మరల పంపవద్దని. మత్స్యన్యాయమనే మాట రాజనీతిగ్రంథాలలో ఎన్నిమార్లు చదివినా, అది కళ్ళయెదుట జరుగుతుంటే చూడటం వేరు. ఆమె వేళ్ళతో సహా మొక్కలను తీసి వేరొక తొట్టిలో వేసింది.

నాలుగవనాటికి పిల్లలు వెలువడ్డాయి. కనురెప్ప వెంట్రుకవంటి దేహం, రెండు నల్లని కళ్ళు. తొలి రెండుమూడు దినాలు పొట్టకు అంటిన సొనయే వాటికి ఆహారం. ఆ పిమ్మట ఉడికిన కోడిగుడ్డు పచ్చసొనను గుడ్డలో పిండి ఇమ్మని పెంపకందారులు చెబుతారు. గుడ్డు గడప దాటని ఇల్లది. ఎండలో నిలువ ఉంచిన పచ్చనీటిలో కంటికానని సూక్ష్మజీవులుంటాయని తెలిసి ఆమె దానిని ఆశ్రయించింది. కానీ అవీ జీవులే. అహింసావ్రతానికి ఈ లోకంలో నిర్దుష్టమైన మార్గం లేదని ఆమెకు చెంబుడు నీటిలో బోధపడింది. కుళాయి నీటిలోని క్లోరిన్ పోయేందుకు దినమంతా బిందెలలో నిలువ ఉంచడం, రోజూ కొంచెం కొంచెంగా నీరు మార్చడం, ఇదే ఆమెకు రెండు నెలల నిత్యకర్మ.

వైశాఖం వచ్చింది. విజయవాడ ఎండలో నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. చేపలు ఉపరితలానికి వచ్చి నోళ్ళు తెరిచాయి. ఇన్నిటికి ఆ తొట్టి చాలదు.

"కృష్ణమ్మలో వదిలేద్దాం. దుర్గాఘాట్ దగ్గరే కదా, పుణ్యం కూడాను" అన్నాడు భర్త.

"పుణ్యం మనకండీ, పాపం కృష్ణమ్మకు" అన్నది ఆమె.

ఆ మాటలో శాస్త్రమున్నది. గోల్డ్‌ఫిష్ చీనాదేశంలో వేయేళ్ళకు పైగా మానవుని పెంపకంలో ఉన్న జాతి. మన శీలావతికి, బొచ్చెకు దూరపు బంధువు. కానీ పరజలాలలో అది అడుగున బురదను కెలికి నీటిని కలుషితం చేస్తుంది, స్థానిక చేపల గుడ్లను తింటుంది. పువ్వు అందానికి దేశదేశాలకు తరలించిన గుర్రపుడెక్క బందరు, ఏలూరు, రైవస్ కాలువలలో నీటికి ఊపిరాడనీయని సంగతి బెజవాడవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక ప్రాణికి చేసిన దయ వేల ప్రాణులకు ద్రోహమైతే దానిని భూతదయ అనడం కష్టం.

కనుక ఆమె ఇళ్ళు వెదికింది. అడిగినవారికి ఒక్కటే ప్రశ్న: ఎంత నీరుంది? బల్లపై గాజుగిన్నె అన్నవారికి ఇవ్వలేదు. పదేళ్ళకు మించి బ్రతికి జానెడు పెరిగే చేపకు ఆ గిన్నె కమండలువే. సత్యవ్రతుని చేప ఒక్క రాత్రిలో కమండలువును నింపింది, పిమ్మట ముహూర్తకాలంలో కడవలో మూడుమూరలు పెరిగింది. ఆయన కడవను, సరస్సును, చివరకు సముద్రాన్ని వెదికాడే గాని, చేపను పాత్రకు తగినట్లు ఉండమనలేదు. భరతుడో, తన ఒడినే ఆ లేడికి అరణ్యంగా భావించాడు.

ఎర్రనివి త్వరగా వెళ్ళిపోయాయి. పుట్టుకతో అన్నీ కంచురంగువే. నెలలు గడిచాక కొన్నింటికి బంగారువన్నె వస్తుంది, కొన్నింటికి రాదు. రానివాటిని అడిగినవారు లేరు. వ్యాపారులైతే ఏరి పారవేస్తారు. ఆమె వర్షాకాలం దాకా తిరిగి, కలువల తొట్లున్న ఇళ్ళకు దోమపిల్లలను తింటాయని చెప్పి వాటిని ఒప్పించింది. తోక వంకరగా ఉన్న ఒక కంచుచేప మాత్రం ఆమె నీడ పడగానే పైకి వచ్చేది. సంధ్యాదీపం వేళ ఆమె దృష్టి దేవుని గదిలో కాక పెరటివైపు ఉండటం భర్త గమనించి, ఒకనాడు భరతుని పేరెత్తాడు. ఆమెకు కోపం వచ్చింది. మూడుదినాలు మాట్లాడలేదు. నాల్గవనాడు ఆ చేపను తానే బకెట్టులో పెట్టుకొని, పటమటలో పెద్ద తొట్టి ఉన్న బంధువుల ఇంటికి తీసుకువెళ్ళింది.

మరుసటి మాఘంలో వేళ్ళకు మళ్ళీ గుడ్లు కనబడ్డాయి. రెండవ తొట్టి ఖాళీగానే ఉంది. నగరంలో ఆమెకు తెలిసిన ఇళ్ళన్నీ నిండాయి. పెద్ద చేపలు వేళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. ఆమె చాలాసేపు నిలుచున్నది. ఆ తర్వాత ఒకే ఒక మొక్కను తీసి రెండవ తొట్టిలో వేసింది; తక్కినవి ముట్టుకోలేదు.