నూజివీటి రసాలు 12/5

తాతయ్య కళ్లజోడు సవరించుకుని ఫోన్‌లో ఒక్కో అక్షరం నొక్కారు: "నూజివీటి రసాలు 12/5". తోట బేరానికి వచ్చిన షావుకారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నిరుడు మే 12న రసాలు ఏ ధరకిచ్చామో అతనికి చూపించాలి. ఫోన్‌లో ఎర్రర్ వచ్చింది.

"నా రాతే తప్పేమోరా" అని ఫోన్ నా చేతికిచ్చి, షావుకారు చెప్పిన రేటుకే తలూపేశారు.

ఆ సెర్చ్ నేను చేసిందే. సెలవుల్లో తాతయ్య మామిడి లెక్కల పుస్తకాలు టైప్ చేసి ఎలాస్టిక్‌సెర్చ్‌లో పెట్టాను. రాత్రి లాగ్ చూస్తే, క్వెరీ పార్సింగ్ ఎర్రర్. నేను ఎంచుకున్న క్వెరీ స్ట్రింగ్ వెనక ఉండేది లూసీన్ పార్సర్. దానికి స్లాష్ అంటే తేదీ గీత కాదు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మొదలైందని గుర్తు. ముగింపు స్లాష్ కోసం చివరిదాకా చూసి, దొరక్క ఆగిపోయింది.

మరి నేను టెస్ట్ చేసినప్పుడు ఎందుకు రాలేదు? నేనెప్పుడూ 12/5/2023 అని పూర్తి తేదీ కొట్టేవాణ్ణి. రెండు స్లాష్‌లు ఉన్నాయి కాబట్టి మధ్యలో ఉన్న 5ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనుకుని ఊరుకుంది!

సింపుల్ క్వెరీ స్ట్రింగ్‌కి మార్చాను. అందులో స్లాష్‌కి ప్రత్యేక అర్థం లేదు, ఎలా రాసినా ఎర్రర్ ఇవ్వదు. హమ్మయ్య అనుకుని తాతయ్య కొట్టిందే మళ్లీ కొట్టాను. ఎర్రర్ లేదు. ఫలితాలూ లేవు.

అన్ని మాటలూ కలిస్తేనే చూపించమని పెట్టాను మరి. ఏ మాట కలవలేదా అని పుస్తకం తీశాను. తాతయ్య శుభ్రంగా "నూజివీటి రసాలు" అనే రాశారు. స్పెల్లింగ్ తప్పనుకుని "నూజివీడు" అని దిద్దింది నేను. బస్సు బోర్డు మీద అలాగే ఉంటుంది కదా!

నానమ్మని అడిగితే నవ్వింది. "ఇల్లు కప్పు అంటావా, ఇంటి కప్పు అంటావా? ఇదీ అంతే. ఊరు నూజివీడు, కాయ నూజివీటిది."

ఏటి గట్టు, నోటి మాట అని రోజూ అంటూనే ఉంటాను. ఇంగ్లిష్ మీడియం చదువులో వాటి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. నేను చెప్పకపోతే కంప్యూటర్‌కీ తెలీదు; దానికి నూజివీడు, నూజివీటి వేర్వేరు మాటలు. నా దిద్దుబాట్లన్నీ తీసేసి తాతయ్య రాసినట్టే పెట్టాను. రెండు రూపాలనీ సినానిమ్ ఫిల్టర్‌లో కలిపాను.

పొద్దున్నే చెప్పాను: "మీ రాత కరెక్టే తాతయ్యా. తప్పు నాది."

ఆయన మళ్లీ కొట్టి చూశారు. నిరుటి ధర షావుకారు చెప్పినదానికంటే ఎక్కువే. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోన్ దగ్గరికి తీసుకుని, చిన్నరసాల లెక్క వెతకడం మొదలుపెట్టారు.