రేపల్లెలో ఆగింది, బాపట్లలో ఆగలేదు

మీరు విజయవాడ నుంచి రైలులో దక్షిణంగా వస్తే కొంతసేపటికి తెనాలి జంక్షను వస్తుంది. ఊళ్ళో చూడవలసినవి చాలా ఉన్నాయి. కృష్ణ కాలవలు మూడు ఊరి మధ్యగా పోతాయి. ఆ కాలవలవల్లా, నాటకాలవల్లా దీనికి "ఆంధ్రా ప్యారిస్" అనే ముద్దుపేరు కూడా ఉన్నది. అయితే ఈసారి మీరు వెంటనే ఊళ్ళోకి పోకుండా ప్లాట్‌ఫారం మీదనే కాసేపు నిలబడండి. (పట్టాల మీదికి మాత్రం దిగకూడదు సుమా!)

ఇక్కడ దారులు చీలిపోతాయి. ఒక దారి నైరుతిగా నిడుబ్రోలు, బాపట్ల, చీరాల మీదుగా చెన్నపట్నందాకా పోతుంది. మరొకటి ఆగ్నేయంగా వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె చేరి, అక్కడితో ఆగిపోతుంది. గుంటూరు దారి కూడా వచ్చి ఇక్కడే కలుస్తుంది.

రైలు ఇంజనుకు మోటారుకున్నట్టు స్టీరింగు ఉండదు. డ్రైవరు బండిని నడపగలడు, ఆపగలడు, కాని పక్కకు తిప్పలేడు. దారులు చీలేచోట మొనదేలిన రెండు పట్టాలు అటూ ఇటూ జరుగుతాయి. వీటిని పాయింట్లు అంటారు. బండి ఎటుపోయేదీ నిర్ణయించేవి ఇవే. పాయింటు రేపల్లెవైపుకు జరగాలి, జరిగి గట్టిగా బిగుసుకోవాలి, ముందు దారి ఖాళీగా ఉండాలి. ఈ మూడూ జరిగితేనే ఆ దారికి సిగ్నలు పడుతుంది. ఏ ఒక్కటి లోపించినా, స్టేషనులో ఎంతటివారు ప్రయత్నించినా సిగ్నలు రాదు. "ఇలా ఉంటే అలా చెయ్యి, లేకపోతే చెయ్యకు" అన్నమాట.

కంప్యూటరు ప్రోగ్రాము అంటే ఏమిటని మా మేనల్లుడి పిల్లలు నన్ను అడిగినప్పుడు నేను వాళ్ళకు ముందుగా ఈ పాయింట్లనే చూపించాను. ప్రోగ్రాములో చాలా భాగం ఇటువంటి మాటలే. కాని చూపించినంత మాత్రాన పిల్లలు ఊరుకుంటారా? ఇంటికి పోగానే ఆట మొదలుపెట్టారు. వాళ్ళ ఇంట్లో కంప్యూటరు లేదు. ఒక పొడుగాటి కొబ్బరితాడూ, సుద్దముక్కా, ఒక తువ్వాలూ ఉంటే సరిపోయింది.

పెరట్లో తెనాలి దగ్గిరనుంచి రెండు తాళ్ళు పరిచారు. ఒకటి రేపల్లె దారి. అది తులసికోట దగ్గిర అయిపోతుంది. రెండోది బాపట్ల దారి. తాడు పొడుగ్గా ఉండటంచేత అది బాపట్ల దాటి, వేపచెట్టు చుట్టూ తిరిగి, గోడదాకా పోయింది. చీలికలో ఒక పిల్ల చిన్న తాడుముక్క పట్టుకుని పాయింటు అయింది. అందరిలోకీ చిన్నవాడు కళ్ళకు తువ్వాలు కట్టుకుని రైలుబండి అయినాడు. వాడు సొంతంగా ఏమీ ఆలోచించకూడదు. కాగితం మీద రాసినది ఒకరు చదువుతుంటే, వాడు అది మాత్రమే చెయ్యాలి.

పెద్దపిల్ల మొదటి కాగితం మీద "రేపల్లెకు పో" అని రాసింది. బండి కదలలేదు. "రేపల్లె ఎక్కడున్నదో బండికేం తెలుసు?" అన్నాడు లోపలున్నవాడు.

తెనాలి రామకృష్ణుడి కథ మీకు తెలిసే ఉంటుంది. రాయలవారు కోపం వచ్చి, "నీ ముఖం నాకు చూపించకు!" అంటే, మర్నాడు ఆయన నెత్తిన కుండ బోర్లించుకుని సభకు వచ్చాడట. రాజు మనసులో ఏమున్నదో అక్కరలేదు, పలికిన మాట ఏదో అదే ముఖ్యం. కంప్యూటరు కూడా అచ్చంగా ఇంతే. అయితే రామకృష్ణుడు తెలివి ఎక్కువై అలా చేశాడు, కంప్యూటరు మన మనసు తెలుసుకోలేక చేస్తుంది.

రెండో కాగితం మీద, "అడుగు వెయ్యి. అడుగు వెయ్యి. అడుగు వెయ్యి..." అని ఇరవైసార్లు రాశారు. చెయ్యి నొప్పిపుట్టింది. పైగా బండి అడుగులు మరీ చిన్నవి కావటంచేత భట్టిప్రోలులోనే ఆగిపోయింది. అప్పుడు పాయింటుగా ఉన్న పిల్లకు మంచి ఉపాయం తోచింది. "కాలికింద తాడు తగిలినంతసేపూ అడుగు వెయ్యి" అని ఒక్క ముక్క రాసింది. బండి బుడిబుడి అడుగులతో వేమూరు దాటి, భట్టిప్రోలు దాటి, తాడు అయిపోగానే తులసికోట ముందు ఆగింది. ఇరవై వాక్యాల పని ఒక్క వాక్యం చేసింది! పిల్లలు చప్పట్లు కొట్టారు.

అదే కాగితం పట్టుకుని బాపట్లకు బయలుదేరదీశారు. పాయింటు అటు జరిపారు. బండి నిడుబ్రోలు దాటింది, బాపట్ల చేరింది, ఆగలేదు. తాడు ఉన్నది కదా! వేపచెట్టు చుట్టూ తిరిగి గోడకు కొట్టుకునేదే, ఎవరో పట్టుకున్నారు. కాగితం మీద ఒక్క అక్షరం కూడా మారలేదు. రేపల్లెకు సరిపోయిన మాట బాపట్లకు పనికిరాలేదు.

సరే, బాపట్ల దగ్గిర ఒక పిల్లవాణ్ణి గంటతో నిలబెట్టి, "గంట వినిపించేదాకా అడుగు వెయ్యి" అని మార్చారు. బాగానే సాగింది. కాని బండి నిడుబ్రోలులో ఉండగా వీధిలో పుల్లఐసు బండివాడు గంట కొట్టుకుంటూ పోయాడు. మన బండి అక్కడే నిలబడిపోయింది! ప్రోగ్రాములు రాసేవారికి ఇటువంటి అవస్థ రోజూ ఉంటుంది. తప్పు ఎవరిదని కొట్లాడుకోకుండా పిల్లలు "మూడు గంటలు వరసగా వినిపిస్తే ఆగు" అని దిద్దారు.

నిజానికి ఈ ఆట కొత్తదేమీ కాదు. 1967లో అమెరికాలో సేమూర్ పేపర్ట్, ఆయన తోటివారూ పిల్లలకోసం లోగో అనే ప్రోగ్రాము భాష తయారుచేశారు. అందులో ఒక తాబేలు "ముందుకు" అంటే ముందుకు, "కుడికి" అంటే కుడికి పోతుంది. మొదట్లో అది నేలమీద పాకే నిజమైన యంత్రం, తరవాత తెరమీది బొమ్మ అయింది. 1980ల మొదట్లో అసలు ప్యారిస్ నగరంలో, కంప్యూటర్లను సామాన్యులకు చేరవెయ్యటానికి ఒక సంస్థ పెట్టినప్పుడు అందులో పేపర్ట్ పనిచేశాడు. దాని ముఖ్య శాస్త్రజ్ఞుడు ఎవరనుకున్నారు? చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మన రాజ్ రెడ్డిగారే. ఇప్పుడైతే స్క్రాచ్ అనే భాష డబ్బు పెట్టకుండానే దొరుకుతుంది. మీ బడిలో కంప్యూటరు ఉంటే మాస్టారిని అడిగి చూడండి.

మర్నాడు నిజం రైలులో రేపల్లె వెళ్ళాం. దారిలో భట్టిప్రోలు వచ్చింది. అక్కడి పాత స్తూపాన్ని 1892లో తవ్వినప్పుడు రెండువేల ఏళ్ళకు పైబడిన రాతలున్న రాతి భరిణెలు దొరికాయి. ఆ లిపిలో ఒక తమాషా ఉన్నది. మనం ఇప్పుడు "క" అని రాస్తే అందులో "అ" కలిసే ఉంటుంది. వాళ్ళకు అలా కాదు, "అ" కలపాలంటే అక్షరానికి వేరే గీత పెట్టాలి. నియమం తెలియనివాడు చదివితే అంతా తారుమారే. కంప్యూటరుకు మాత్రం మన "క" ఒక అంకె, 3093. ప్రతి తెలుగు అక్షరానికీ ఇలా ఒక అంకె ఉన్నది.

రేపల్లెలో పట్టాలు నిజంగానే అయిపోవటం చూసి చిన్నవాడు పరమానందపడ్డాడు. కాని పెద్దపిల్లకు అనుమానం వచ్చింది. రేపల్లె నుంచి మచిలీపట్నానికి రైలు వెయ్యాలని జనం చాలాకాలంగా అడుగుతున్నారని ఎవరో అంటే విన్నది. "అది వేస్తే మన కాగితం ఇక్కడా చెడిపోతుందిగా!" అన్నది. చెడిపోతుంది మరి.

మూడోనాడు బాపట్లకు పోయి, అక్కడినుంచి సూర్యలంక సముద్రం చూశాం. 1977 నవంబరు 19న వచ్చిన తుఫానులో ఈ తీరమూ, కృష్ణకు అవతల దివిసీమా అల్లకల్లోలమైనాయి. ప్రభుత్వ లెక్కలోనే సుమారు పదివేల మంది చనిపోయారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్లకు దక్షిణంగా, దగ్గిరలోనే తీరం దాటింది. ఇది 1977 నాటి దానంత బలమైనది కాదు, కాబట్టి రెండింటినీ సరిపోల్చకూడదు. పంటలు మాత్రం చాలా పోయాయి. అయినా అది ఎటు వస్తున్నదో ముందే తెలిసింది, తీరంలో ఉన్నవాళ్ళను ముందుగానే తరలించారు.

ఎలా తెలిసింది? గాలి, వేడి, పీడనం ఇప్పుడు ఎంత ఉన్నాయో అంకెలు ఇస్తే, కాసేపటికి ఎంత అవుతాయో కంప్యూటరు లెక్కకట్టి, మళ్ళీ ఆ అంకెల నుంచి మరికాసేపటికి లెక్కకడుతుంది. "అడుగు వెయ్యి, మళ్ళీ అడుగు వెయ్యి" అన్నమాటే! కంప్యూటర్లు లేని 1922లోనే రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, ఒక పెద్ద హాలులో 64,000 మంది మనుషులను కూర్చోబెట్టి ఈ లెక్క చేయించవచ్చునని ఊహించాడు. ఆయన ఒక్కడే చేతితో వేసి చూసిన లెక్క మాత్రం ఘోరంగా తప్పింది! దారి సరైనదేనని తరవాతివారు చూపించారు. ఇక్కడ ఒక కాగితం తప్పితే గోడకు తల కొట్టుకోవటం కాదు, ఊళ్ళకు ఊళ్ళు ఏమవుతాయో ఆలోచించండి. పిల్లలు చాలాసేపు మాట్లాడకుండా అలలను చూస్తూ కూర్చున్నారు.

ఇంటికి రాగానే మళ్ళీ తాళ్ళు పరిచారు. బాపట్ల నుంచి తెనాలికి తిరుగు ప్రయాణం రాయాలి. చిన్నవాడు బద్ధకించి, "కొత్తది ఎందుకు? పాత కాగితమే కిందనుంచి పైకి చదివితే సరి!" అన్నాడు. అలాగే చదివారు. మొదటి మాటే "ఆగు" అని ఉన్నది. బండి బాపట్ల స్టేషను కదిలితే ఒట్టు.