మా చిన్నవాడు కట్టిన ఇల్లు

గోదావరి యొడ్డున నేను పుట్టిన యూరు ఇప్పుడు లేదు. పోలవరము ప్రాజెక్టు నిమిత్తము ఆ గ్రామమును ఖాళీ చేయించునపుడు ఉద్యోగులు వచ్చి ఇల్లు కొలిచిరి, చెట్లు లెక్కించిరి, పట్టా చూచిరి. ఆలస్యముగానైనను పరిహారము ముట్టినది. మా అమ్మ పునరావాస కాలనీలో కాపురమున్నది గాని, ఆమె మాటలు మాత్రము ఆ పెంకుటింటి అరుగు విడిచి రాలేదు.

ఆ మాటలు విని విని, పదునాలుగేండ్ల మా చిన్నవాడు ఫోనులోని యొక ఆటలో ఆ యింటిని మరల కట్టెను. ఈ యాటలు వట్టి పందెములు కావు, సోదరీమణులారా, అవి లోకములు. అందు నేల కొనవచ్చును, ఇల్లు కట్టవచ్చును, దేశదేశముల పిల్లలను పేరంటమునకు పిలువవచ్చును. వేసవి సెలవులన్నియు వానికి దానితోనే గడచినవి. నాలుగు స్తంభముల వసారా, తులసికోట, పెరటిలో పనసచెట్టు, నూతి గిలక. పెంకుల కొరకు నాచేత పండ్రెండు వందల రూపాయలు కట్టించెను. "పెంకులు కూడ కొనవలెనా?" యని నవ్వుచునే కట్టితిని. మా అమ్మ కళ్ళజోడు సవరించుకొని, ఆ చిన్న తెరలో తన వంటయింటి గుమ్మము చూచి, చెరగుతో కన్నులొత్తుకొన్నది.

ఒక యుదయమున ఆ తలుపు తెరచుకొనలేదు. నియమభంగమైనందున ఖాతా నిలిపితిమని యొక్క పంక్తి. ఏ నియమమో లేదు. రెండుమారులు వ్రాసితిని, రెండుమారులును అదే జవాబు.

అప్పుడు గదా ఆ యొడంబడికను చదువ కూర్చుంటిని! వాడు "అంగీకరించితిని" అని నొక్కిన పత్రమది. డబ్బిచ్చి కొన్నది సొత్తు కాదట, లైసెన్సు మాత్రమేనట. దానిని ఎప్పుడైనను ఉపసంహరింపవచ్చునట. మయుడు సభ కట్టి ధర్మరాజున కిచ్చెను. ఇచట కట్టినవాడు బయట నిలిచెను.

ఈ తగవు మా యింటితో పుట్టినది కాదు. అమెరికాలో బ్రాగ్ అను న్యాయవాది, "సెకండ్ లైఫ్" అను లోకములోని తన ఖాతాను, భూములను కంపెనీ స్తంభింపజేయగా దావా వేసెను. తగవు కోర్టుకు రాక మధ్యవర్తులకే పోవలెనన్న షరతు అన్యాయమని 2007లో కోర్టు త్రోసిపుచ్చెను. పిమ్మట ఉభయులును రాజీపడిరి. నేల యెవరిదో తేలనేలేదు. నెదర్లాండ్సులో పదుమూడేండ్ల బాలుని ఇద్దరు తోటివారు కొట్టి, "రూన్‌స్కేప్" ఆటలోని తాయెత్తును, ముసుగును లాగికొనిరి; అవియు దొంగిలింపదగిన సొత్తేయని 2012లో అచటి సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆ తల్లికి కొంత ఊరట కలిగియుండును.

మన దేశమున 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము మైనరు ఒప్పందము చేయనేరడు; అట్టిది చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిలు తేల్చినది. మావాడు నొక్కినది చెల్లదు గదా యని నేను సంబరపడితిని. రాజమహేంద్రవరమున వకీలుగా నున్న మా పినతల్లి కుమారుడు నవ్వి, "అక్కా, ఒప్పందమే చెల్లనప్పుడు దేనినిబట్టి తలుపు తెరువుమందువు?" అనెను. వకీళ్ళ నవ్వు నా కెన్నడును నచ్చలేదు.

అయితే అతడే మరియొకటి చెప్పెను. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము చిత్రమునకు మొదటి హక్కుదారు దానిని గీచినవాడే, పసివాడైనను సరే. ఆ హక్కును ఇతరులకు బదిలీ చేయుటకు సంతకముతో కూడిన వ్రాత యుండవలెను. అనగా ఆ యింటి రూపురేఖలు మావానివి. అవి నిలిచిన చోటు వారిది. ఆ చోటిలోనికి పోనిచ్చుట, పోనీయకుండుట వారి చేతిలోనిది.

వారు తలుపు మూసికొనుటను నేను తప్పు పట్టను. పిల్లవాడు చేసినదానికి ప్రతి యొకటి చేతికిచ్చి మూయవలసినది. ఊరు ముంచిన సర్కారు సైతము దూలములు, తలుపులు ఊడదీసికొనుటకు మాకు గడువిచ్చెను.

ఇప్పుడు వాడు ఆ యింటిని లెక్కల పుస్తకము వెనుక పుటలలో పెన్సిలుతో గీయుచున్నాడు. నిన్న మా అమ్మ ప్రక్కన చేరి, "నుయ్యి అటు కాదురా నాయనా, పనసచెట్టు కివతల" అని వానిచేత రెండుమారులు చెరిపించినది.