తరువాయి రేపు రాత్రి

వారపత్రికలో సీరియల్ చదివేవారికి "సశేషం" అన్న మాట చూస్తే ఎంత విసుగో చెప్పనక్కరలేదు. వారం రోజులు ఆగాలి గదా! నాకా బాధ లేదు. నా సీరియల్ ప్రతి రాత్రీ వెలువడేది. రచయిత నా మనసు. ప్రచురణ స్థలం తుర్కయంజాల్‌లో మా పడకగది.

కథ చిన్నదే. నాన్నగారి పన్నెండో రోజున, పదిమందిలో, మా అన్నయ్య నాతో "ఆస్పత్రి ఖర్చుకు నువ్వేపాటి ఇచ్చావురా?" అన్నాడు. ఆ ఒక్క వాక్యం మీద ఆరేళ్ళు సీరియల్ నడిచింది. నాయకుణ్ణి నేను, ప్రతినాయకుడు అన్నయ్య. ప్రతి సంచికలోనూ నేనొక కొత్త జవాబు చెప్పేవాణ్ణి, అతను తెల్లబోయేవాడు. ఈలోగా తెల్లవారేది.

"మళ్ళీ మొదలయిందా మీ సీరియల్?" అనేది మా ఆవిడ, నేను పక్కమీద దొర్లుతూంటే.

ఇంతలో అన్నయ్య కూతురి పెళ్ళి శుభలేఖ వచ్చింది. వెళ్ళడమా, మానడమా? ఉన్న కాస్త నిద్రా పోయింది.

మా ఊరినుంచి ఎల్.బి.నగర్ వెళ్ళే సాగర్ రోడ్డు మీదనే, కుసుమనగర్‌లో, ధమ్మఖేత్త అనే విపశ్యనా కేంద్రం ఉంది. బర్మాలో పుట్టి పెరిగిన వ్యాపారి సత్యనారాయణ గోయెంకాగారు 1969లో ఇండియాకు వచ్చి ఈ ధ్యానం నేర్పసాగారు. ఈ కేంద్రం 1976లో వెలిసింది. పదిరోజుల శిక్షణ. ఫీజు లేదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. ఫోను అప్పగించాలి, మాట్లాడకూడదు. మోక్షం మాట దేవుడెరుగు, నిద్ర పడితే చాలునని చేరాను.

ధ్యానమంటే ఆలోచనలు లేకుండా చేసుకోవడమని నా అభిప్రాయం. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరిని గమనించమన్నారు. నాలుగు ఊపిర్లు తీసేసరికి సీరియల్ సిద్ధం! ఓడిపోయాననుకున్నాను. క్రమంగా తెలిసిందేమంటే, ఊపిరి పశువును కట్టే గుంజ లాంటిది. గుంజ ఉంటేగదా పశువు తప్పిపోయిందని తెలిసేది! పోయిందని తెలుసుకుని మళ్ళీ తెచ్చుకోవడమే అక్కడి పని.

నాలుగో రోజునుంచి ఒంట్లో కలిగే స్పర్శలను గమనించాలి. ఆరో రోజు మధ్యాహ్నం అన్నయ్య వాక్యం వచ్చింది. దవడలు బిగిశాయి. ఛాతీలో వేడి పుట్టింది. లేచి వెళ్ళడానికి లేదు, జవాబు చెప్పడానికి అన్నయ్యా లేడు. చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి వేడి దానంతటదే తగ్గింది.

"అన్నయ్య నన్ను అవమానించాడు" అనుకోవడం ఒకటి. "అన్నయ్య నన్ను అవమానించాడన్న తలపు ఇప్పుడు వచ్చింది" అని గుర్తించడం మరొకటి. మొదటిదానిలో నేను కథలో పాత్రను. రెండోదానిలో పత్రిక చేతబట్టుకున్న పాఠకుణ్ణి. కథ మారలేదు, నేను కూర్చున్న చోటు మారింది.

బుద్ధుడు సతిపట్ఠాన సూత్రంలో, కోపమున్న మనసును కోపమున్న మనసుగానే తెలుసుకోమన్నాడు. ఈ కాలపు వైద్యులూ ఈ దారి పట్టారు. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి శిక్షణ మొదలుపెట్టాడు. తర్వాత టీస్‌డేల్, సెగల్, విలియమ్స్ అనేవారు, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే మనోవ్యాకులతకు దీన్ని వాడి చూశారు. 2000లో వారు ప్రకటించిన ఫలితాల్లో, మూడుసార్లో అంతకుమించో ఆ జబ్బు వచ్చినవారిలో మామూలు వైద్యంతో నూటికి 66 మందికి తిరగబెడితే, ఈ శిక్షణ కూడా పొందినవారిలో 37 మందికే తిరగబెట్టింది. తలపును మార్చనక్కరలేదు, అది తలపేనని తెలిస్తే చాలునని వారి వాదన. అయితే ఇది అందరికీ మందు కాదు. మనోవ్యాధి ఉన్నవారు ముందు వైద్యుణ్ణి అడగాలి.

ఇంటికి వచ్చిన రాత్రే సీరియల్ మళ్ళీ వచ్చింది! "వచ్చావా?" అనుకున్నాను. ఈసారి పాఠకుడిగా చదువుతూంటే ఒక లోపం కనిపించింది. నాన్నగారు ఆస్పత్రిలో ఉన్న ఇరవై రాత్రులూ మంచం పక్కన బెంచీమీద పడుకున్నది అన్నయ్య. ఆరేళ్ళలో నా రచయిత ఆ ఇరవై రాత్రులకు ఒక్క పేరా ఇవ్వలేదు. అన్నయ్య ఇంట్లోనూ రోజూ ఒక సీరియల్ వస్తూండాలి. అందులో ప్రతినాయకుణ్ణి నేనే అయివుంటాను.

అంతమాత్రాన అతను పదిమందిలో అన్నది ఒప్పయిపోదు. తలపునుంచి వెనక్కి జరిగితే క్షమించేసినట్టు కాదు, పని తప్పించుకోవడమూ కాదు. చేయవలసిన పని మరీ స్పష్టంగా ముందుకొచ్చి నిలబడింది.

పెళ్ళికి వెళ్ళాం. మండపం గుమ్మంలో అన్నయ్య ఎదురయ్యాడు. జుట్టు బాగా నెరిసింది. ఆరేళ్ళు తయారుచేసుకున్న జవాబుల్లో ఒక్కటీ నోటికి రాలేదు. అతనూ క్షమాపణ చెప్పలేదు.

"ఏరా, టిఫిన్ చేశారా?" అన్నాడు.

"ఇంకా లేదన్నయ్యా" అన్నాను.