ముందు సీటు, వెనుక సీటు

రెండేళ్లు నిండబోయే పిల్లవాడికీ, వచ్చే నెల పుట్టబోయే బిడ్డకూ కలిపి ఒక బండి కొనాలంటే తేల్చుకోవలసింది నిజానికి ఒక్కటే. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టాలా, ఒకరి వెనుక ఒకరినా? రంగు, పైన గొడుగు, కింద సామాను బుట్ట, ఇవన్నీ తర్వాతి సంగతులు. రెండో కాన్పుకు సిద్దిపేటలో మా ఇంటికి వచ్చిన అమ్మాయి, రాత్రిపూట కొడుకును పడుకోబెట్టి, ఫోన్‌లో ఒక్కో డబుల్ స్ట్రోలర్‌నూ నాకు చూపిస్తోంది. ధర, బరువు, కొలతలు పైకి చదువుతోంది. వింటున్నకొద్దీ ఆ కొలతల మధ్య ఇంకో లెక్క నడుస్తున్నట్టు నాకు తోస్తోంది. ఇంట్లో ఎవరి చోటు ఎక్కడ అన్న లెక్క అది.

పక్కపక్క సీట్ల బండి చూడగానే మనసుకు నచ్చుతుంది. అందులో ముందూ వెనుకా లేవు. ఇద్దరికీ ఒకే ఎత్తు, ఒకే గాలి, ఒకే వీధి. ఇద్దరు పిల్లల్ని పెంచేవాళ్లు కోరుకునేది అదే కదా. అయితే సమానత్వానికి వెడల్పు కావాలి. ఈ తీరు బండ్లు సాధారణంగా 30 అంగుళాల దాకా ఉంటాయి. మా ఇంట్లో లోపలి దర్వాజలు మూడడుగులవి. చౌకట్టు రెండు వైపులా పోగా మిగిలేది 28 అంగుళాలు. మా ఊరి కోమటి చెరువు కట్ట మీద హాయిగా సాగే బండి మా పడకగదికి చేరలేదు. పాత బస్టాండు వైపు దుకాణాల ముందు, వరసగా నిలిపిన మోటారు సైకిళ్ల మధ్య నుంచి అసలే దూరదు. పైగా సీట్లు సమానమే గాని కూర్చునేవాళ్లు సమానం కారు. ఒకరు పన్నెండు కిలోలు, ఒకరు మూడు. తోస్తుంటే బండి బరువున్న వైపుకే లాగుతుంది. ఆ సమానమైన సీట్లను తిన్నగా నడిపించాలంటే తోసే రెండు చేతులూ అసమానంగా పనిచేయాలి.

ఒకరి వెనుక ఒకరు కూర్చునే బండి ఒంటి స్ట్రోలర్ వెడల్పులోనే ఉంటుంది. దర్వాజ దాటుతుంది, లిఫ్టులో పడుతుంది. పొడుగు ఎక్కువ కనుక మలుపు దగ్గర ఆగి తిప్పుకోవాలి. ఫుట్‌పాత్ ఎక్కించాలంటే పిడిని కిందికి నొక్కి ముందు చక్రాలను లేపాలి. ముందు కూర్చున్నది పెద్దవాడైతే ఆ నొక్కుడుకు చేతుల బలం చాలదు, ఒంటి బరువు కూడా వేయాలి. వాడు ఉన్నట్టుండి దిగిపోతే, పిడికి తగిలించిన సంచుల బరువుకు బండి వెనక్కి ఒరిగే ప్రమాదం ఉంది కాబట్టి సామాను కింది బుట్టలోనే ఉండాలి. ఇవన్నీ నాలుగు రోజుల్లో అలవాటయ్యే పనులు. అలవాటు కానిది ఒక్కటే. ముందు ఎవరు, వెనుక ఎవరు?

దానికన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఈ బండి అసలు ఎవరి కోసం? పుట్టబోయే బిడ్డ కోసమని అందరం అంటున్నాం. కాని మన ఇళ్లలో పుట్టిన బిడ్డకు చక్రాల అవసరం తక్కువ. మొదటి రోజుల్లో గడప దాటనివ్వం. అమ్మమ్మ ఒళ్లో నుంచి మేనమామ చేతుల్లోకి, అక్కడి నుంచి తొట్టెలలోకి. బిడ్డ కదిలే దూరమంతా మనుషుల మీదుగానే కదులుతుంది. చక్రాలు కావలసింది నడక వచ్చినవాడికి. నడవడం రావడం వేరు, మనం వెళ్లే చోటికి నడవడం వేరు. మా మనుమణ్ని కట్ట మీదికి తీసుకెళ్తే మొదటి పదడుగులు పరుగు. తర్వాత ఒక రాయి. దాన్ని తీసి నీళ్లలోకి విసరబోతాడు. అది రెయిలింగుకు తగిలి వాడి కాళ్ల దగ్గరే పడుతుంది. మళ్లీ తీస్తాడు. తర్వాత బఠానీలు అమ్మే మనిషి తరాజు. అది పైకీ కిందికీ ఊగడం ఆగేదాకా అక్కడి నుంచి కదలడు. తర్వాత ఏ కారణమూ లేకుండా నేల మీద కూర్చుండిపోతాడు. ఒక్క బిడ్డ తల్లి అప్పుడు వాణ్ని ఎత్తుకుంటుంది. ఒళ్లో పసిబిడ్డ ఉన్న తల్లి ఎత్తుకోలేదు. చిన్నబిడ్డ వచ్చినప్పుడు కొనే బండి పెద్దబిడ్డ కోసమే కొనేది.

అది ఒక విధంగా న్యాయం కూడా. రెండో బిడ్డ పుట్టిన ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువూ ఆ బిడ్డ పేరు మీదే వస్తుంది. 2017లో మొదలైన కేసీఆర్ కిట్ సర్కారు దవాఖానల్లో రెండు కాన్పుల వరకు ఇచ్చేవారు. పసిబిడ్డకు నూనె, సబ్బు, పౌడరు, దోమతెర, బట్టలు, ఆటవస్తువులు, తల్లికి చీరలు అందులో ఉండేవి. తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ తలచుకుని కట్టిన మూట అది. ఏ మూటలోనూ లేనివాడు తల్లి మంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్న రెండేళ్లవాడు. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేడుకకు వచ్చే చుట్టాలు తెచ్చే గౌన్లూ గిలక్కాయలూ వాడి కళ్ల ముందు నుంచే వెళ్తాయి. అన్నిట్లోకీ రెండు చోట్లున్న వస్తువు ఈ బండి ఒక్కటే. వాడు ఎక్కినా ఎక్కకపోయినా ఆ రెండో సీటు ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు కూడా అది వాడిదే.

ఇక ముందూ వెనుకా సంగతి. పసిబిడ్డకు మెడ నిలవదు. కూర్చోవడానికి ఆరు నెలలు పడుతుంది. అందాకా చదునుగా వెల్లకిలా పడుకోబెట్టాలి. అమ్మాయి చూపిస్తున్న వాటిలో అలా వాలే సీటు తోసేవాళ్లకు దగ్గరగా, తల్లి వైపు తిరిగి ఉంటుంది. పెద్దవాడికి ముందు సీటు, ముఖం వీధి వైపు. పైకి ఇది చక్కటి పంపకమే. పుట్టిన కొత్తలో బిడ్డకు ఇరవై, ముప్పై సెంటీమీటర్లకు మించి స్పష్టంగా కనిపించదు. పాలు తాగే బిడ్డకూ తల్లి ముఖానికీ మధ్య ఉండే దూరం అంతే. దూరం చూడలేనిదానికి ముఖం, దూరం చూడగలిగినవాడికి లోకం. కాని ఆ నెలల్లో పెద్దవాడు అడిగేది లోకం కాదు. లోకం వాడికి కావలసినంత ఉంది. వాడికి కొత్తగా కరువైంది ముఖమే. ఎవరికి ఏది కనిపిస్తుందన్నది చూసి పంచితే ఎవరికి ఏది కావాలన్నది తప్పిపోతుంది.

ముఖమా, వీధా అన్న ఈ తగువు బండి పుట్టినప్పటి నుంచీ ఉన్నట్టుంది. 1733లో విలియం కెంట్ ఇంగ్లండులో డెవన్‌షైర్ డ్యూక్ పిల్లలకు గవ్వ ఆకారంలో బండి చేసినప్పుడు, దాన్ని లాగడానికి మేకనో చిన్న గుర్రాన్నో కట్టేవారు. బండిని ముందుండి లాగితే పిల్లల ముఖాలు లాగేవారికి కనిపించవు. వెనుక నుంచి తోసే పిడి తర్వాత వచ్చింది. 1889లో అమెరికాలో విలియం రిచర్డ్‌సన్ పేటెంటు పొందిన బండిలో, బిడ్డ పడుకునే తొట్టిని తల్లి వైపుకూ వీధి వైపుకూ తిప్పుకునే వీలుంది. ఎన్ని చక్రాలు, ఎన్ని స్ప్రింగులు వచ్చినా నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ తిరిగే తొట్టి.

చంకకు ఆ తిప్పుడు అక్కర్లేదు. చంకలోని బిడ్డ తల ఇటు తిప్పితే తల్లి, అటు తిప్పితే వీధి. సద్దుల బతుకమ్మ రోజు కోమటి చెరువుకు వచ్చే ఆడవాళ్లను చూడాలి. తల మీద గునుగు, తంగేడు, బంతిపూల బతుకమ్మ. దాన్ని ఒక చెయ్యి పట్టుకుని ఉంటుంది. రెండో చంకలో బిడ్డ. నడుము ఒక పక్కకు వంగి ఆ బిడ్డకు పీటైపోతుంది. మోకాలు కాస్త మడిచి మెట్టు దిగేటప్పుడు బిడ్డ జారదు, బతుకమ్మ ఒరగదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లి మన సామెతలో ఉంది. ఆమెను మతిమరుపు మనిషిగా చెప్పుకుంటారు. నాకు మాత్రం బిడ్డ బరువు తన బరువులో కలిసిపోయిన మనిషిగా కనిపిస్తుంది. అంత ఒద్దికైన ఆసనానికీ ఒక హద్దుంది. మెడ నిలవని బిడ్డ చంకలో కూర్చోలేదు, రెండు చేతులూ దానికే కావాలి. అందుకే మన ఇళ్లలో రెండో బిడ్డ పుట్టగానే పెద్దబిడ్డ అమ్మమ్మ చంకకో మేనత్త చంకకో మారేది. ఆ చంకలు దూరమైన ఇళ్లలో బండి వస్తుంది. మా అమ్మాయి కూడా మూడో నెల రాగానే సికింద్రాబాదుకు వెళ్లిపోతుంది. అక్కడ పగలంతా ముగ్గురే. నేను ఇక్కడ ఉండి ఈ బండి విషయంలో ఇంత పట్టుదలగా ఆలోచించడానికి కారణం అదే. నా చేతులు లేని చోట వాటి పని ఈ బండి చేయాలి.

అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి ఇప్పుడు రైలుంది. 2023 అక్టోబరులో మొదలైంది. రైలెక్కాలంటే బండి మడతపడాలి. మడతబండి వెనుక కూడా ఒక తాత ఉన్నాడు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల చక్రాల అమరికపై పనిచేసిన ఓవెన్ మెక్లారెన్, పసిబిడ్డతో వచ్చిన కూతురు బరువైన బండితో అవస్థ పడటం చూసి, గొడుగులా ముడుచుకునే అల్యూమినియం బండి రూపొందించాడు. అది 1965. మూడు కిలోలకు లోపే. జోడు బండికి ఆ అదృష్టం లేదు. అమ్మాయి చూపిస్తున్న వాటిలో తేలికైనది కూడా పది కిలోలు దాటుతోంది, గట్టివైతే పదిహేను. ఇంత బరువూ, ఇంత ధరా పెట్టి కొన్నది ఇద్దరికీ కలిసి పనికివచ్చేది ఏడాదిన్నరో రెండేళ్లో. ఆ తర్వాత పెద్దవాడు ఎక్కడు. మా వైపు తొట్టెల ఒక ఇంట్లో ఉండిపోదు. కాన్పు ఎవరింట్లో అయితే అక్కడికి వెళ్తుంది, మళ్లీ ఇంకో ఇంటికి. ఈ బండీ అలాగే తిరగాలని అమ్మాయితో చెప్పాను. అందుకే రంగు గురించి కాస్త పట్టించుకుంది, మాసినా కనిపించని బూడిదరంగు చూసింది.

చివరికి ఎంచుకున్నది ముందూ వెనుకా సీట్ల బండే. కాని ముందు సీటు విప్పి వెనక్కి తిప్పుకునే రకం. అలా తిప్పితే పెద్దవాడు వీధికి వీపు పెట్టి కూర్చుంటాడు. ఎదురుగా తల్లి, మధ్యలో పడుకున్న బిడ్డ. నాలుగు వేలు ఎక్కువ. "అమ్మా, దీనికంత పెట్టాలా?" అని అమ్మాయి అడిగింది. ఆ నాలుగు వేలూ నేనిస్తానన్నాను. అల్లుడు కారు డిక్కీ కొలత పంపాడు, పడుతుంది. కాన్పు కాకముందే వస్తువు ఇంటికి తేవద్దని మా అత్తగారు అంటున్నారు కనుక, డబ్బు కట్టి దుకాణంలోనే ఉంచమన్నాం. తొట్టెల నాటికి తెప్పిస్తాం. చుట్టాలు గౌన్లు తెచ్చే పూటే అది కూడా రావాలి, ముందు సీటులో మనుమడు కూర్చుని ఉండాలి.